పాపకి ‘నీవ్’ అని పెడదామంటే అత్తగారు “నీవు అనేది పేరా?” అంటున్నారు

లిఫీ_ఒడ్డున
డబ్లిన్‌లో ఉంటున్నాం. పాప పుట్టి పద్దెనిమిది రోజులు. ఇరవై ఒకటో రోజు బారసాల, ఇంకా మూడు రోజులే ఉంది. అనూరాధ రెండో పాదం, ‘నీ’ అక్షరం వచ్చింది.

మా ఆయన ఆఫీసులో ఒకావిడ కూతురి పేరు నీవ్. “మీకూ ‘నీ’ యే కదా, ఇదే పెట్టెయ్యండి” అందట. ఐరిష్ పేరు. వెలుగు, కాంతి అని అర్థం. రాసేది మాత్రం ఎన్-ఐ-ఎ-ఎమ్-హెచ్. నోరు తిరగనివాళ్ళ కోసం ఇంగ్లీషు పద్ధతిలో ఎన్-ఇ-వి-ఇ అని కూడా రాస్తారు. మా ఆయనకి తెగ నచ్చేసింది. అక్షరం కుదిరింది, అర్థం బాగుంది, ఇక్కడ బళ్ళో ఎవరూ మళ్ళీ మళ్ళీ అడగరు, ఇంకేం కావాలి అంటాడు.

నిన్న రాత్రి వీడియో కాల్‌లో అత్తగారికి చెప్పాం. ఆవిడ రెండుసార్లు పలికి చూసుకుని, “నీవు అనేది పేరేంటే? రేపు రెండోదాన్ని కంటే ‘నేను’ అని పెడతారా?” అన్నారు. వెనక నుంచి మామగారు, “మూడోది మీరు” అన్నారు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకుని ఫోన్ పెట్టేశారు.

నాకు రెండు వైపులా నోరు తిరిగే పేరు కావాలి. అర్థం నిజంగా ఉన్నదై ఉండాలి, వెబ్‌సైట్లో కల్పించినది కాదు. ఇక్కడ రిజిస్టర్ చేయించడానికి మూడు నెలల గడువుంది, ఆ బాధ లేదు. బియ్యంలో రాయడానికే టెన్షన్. ‘నీ’ తో ఏమైనా చెప్పండి.

పుల్లట్టు
నా ఓటు మీ అత్తగారికి.

గోదారోడు
“పాలు ఎవరు ఒలకబోశారు?” “నీవ్.” “నేనా?!” జీవితాంతం ఇదే గొడవ మీ ఇంట్లో.

నాలుగోపాదం
అనూరాధకి నా, నీ, నూ, నే. రెండో పాదం అంటే ‘నీ’ సరే. నీరజ, నీలిమ, నీహారిక, నీల. అయినా పాదాక్షరంతో పెట్టేది జన్మనామం, చెవిలో చెప్పేది. పిలిచే పేరు వేరే అక్షరంతో ఉన్నా మా పెద్దలు అభ్యంతరం చెప్పలేదు. మా ఇంట్లో నలుగురు పిల్లలకీ రెండేసి పేర్లు. కాబట్టి అక్షరం కోసం అంత ఇరుక్కుపోకండి.

లిఫీ_ఒడ్డున
@నాలుగోపాదం ఆ మాట మామగారికి చెప్పి చూశానండి. పంచాంగం తెచ్చి కెమెరా ముందు పెట్టారు.

గసడదవ
రిటైరైన తెలుగు పంతుల్ని, ఊరికే ఉండలేను. ఆ స్పెల్లింగు చూసి అందరూ భయపడతారు కానీ అందులో లెక్క ఉంది. ఐరిష్‌లో హల్లు పక్కన హెచ్ వేస్తే ఆ హల్లు మెత్తబడిందని గుర్తు. ‘మ’ పక్కన హెచ్ ఉంటే ‘వ’ అవుతుంది. ‘బ’ పక్కన వేసినా అంతే. మనకి గసడదవాదేశం లేదూ? పరుషాలు మెత్తబడి క గ అయినట్టు, ప వ అయినట్టు. వాళ్ళు మెత్తబడ్డాక కూడా పాత అక్షరాన్ని వదలకుండా పక్కన గుర్తు పెట్టుకున్నారు, మనం మార్చి రాసేశాం. అంతే తేడా.

బడిలో ఈ సంధికి చెప్పే ఉదాహరణల్లో ఒకటి ఏమిటో గుర్తుందా? నీవు + టక్కరివి = నీవుడక్కరివి. పాప పెద్దయ్యాక తెలుగు మాస్టారెవరైనా దొరికితే పాపం దాని పని అయిపోయినట్టే.

గోదారోడు
@గసడదవ మాస్టారూ ఒకటే నవ్వు. నీవ్ డక్కరివి!

కొబ్బరిమట్ట
అసలు మన పేర్లకేం కరువొచ్చింది? తెల్లవాళ్ళ నోటికి సులువుగా ఉండాలని మన పిల్లల పేర్లు మార్చుకోవడం ఏమిటి? వాళ్ళు అలెగ్జాండర్ పలకగలరు, ఫిట్జ్‌పాట్రిక్ పలకగలరు. అన్నపూర్ణ పలకలేరా?

నిద్రలేని_నాన్న
@కొబ్బరిమట్ట పలకగలరు బ్రో, కానీ పలకరు. మా పెద్దాడి పేరు హర్షిత్. ఇంగ్లీషులో చివరి నాలుగక్షరాలు విడిగా చదవండి. రెండో తరగతిలోనే పిల్లలు కనిపెట్టేశారు. చిన్నాడికి రోహన్ అని పెట్టాం, హాయిగా ఉన్నాడు.

ఫణి_మాత్రమే_కాదు
నేను మాట్లాడొచ్చా? నా పేరు ఫణి. లండన్‌లో మొదటి రోజు ఆఫీసులో లేచి నిలబడి “హాయ్, ఐయామ్ ఫణి” అన్నాను. గదిలో ఒక్కరు నవ్వలేదు, ఒక్కరు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం ఎందుకో మధ్యాహ్నం లంచ్‌లో ఒక గుజరాతీ అబ్బాయి చెవిలో చెప్పాడు. ఇక్కడ వివరించను, వెతుక్కోండి, పిల్లలు పక్కన లేనప్పుడు. ఆ రోజు నుంచి నేను కుమార్.

పుల్లట్టు
ఆదిశేషుడికి ఎంత కష్టం వచ్చింది.

చినుకు
@కొబ్బరిమట్ట ఒక చిన్న సవరణ. నీవ్ ‘తెల్లవాళ్ళ పేరు’ కావచ్చు గానీ ఇంగ్లీషు పేరు కాదు. ఐర్లండ్‌లో మనకంటే ముందే ఈ గొడవ పడ్డారు. గుమాస్తాలు, పాస్టర్లు ఐరిష్ పేరు వినగానే దగ్గరగా అనిపించిన ఇంగ్లీషు పేరు రాసేసేవాళ్ళు. టైగ్ అంటే కవి అని అర్థం, అతన్ని తిమోతి అని రాశారు. డీర్మిడ్‌ని జెరెమియా చేశారు. గ్రాన్యని గ్రేస్ చేశారు. అర్థానికీ సంబంధం లేదు, మూలానికీ లేదు. దేశం మ్యాపులు గియ్యడానికి 1824లో మొదలైన సర్వేలో ఊళ్ళ పేర్లనీ ఇలాగే ఇంగ్లీషు స్పెల్లింగులో దింపారు. స్వతంత్ర దేశం వచ్చాక వెనక్కి తెచ్చుకోవడం పెరిగింది. సీర్ష అనే పేరు వినుంటారు, స్వేచ్ఛ అని అర్థం. అది 20వ శతాబ్దంలో పుట్టిన పేరే.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ చేశారు? కాకినాడని కొకనాడ అన్నారు, ఏలూరుని ఎల్లోర్ అన్నారు, విశాఖపట్నాన్ని వైజాగపటం చేశారు. పాత కాగితాల్లో రావుగారు ఆర్-ఓ-డబ్ల్యు.

కొబ్బరిమట్ట
@చినుకు అదే నేనంటున్నది. వాళ్ళు వాళ్ళ పేర్లు వెనక్కి తెచ్చుకుంటుంటే మనం వెళ్ళి ఆ పేర్లు పెట్టుకోవడమేమిటి? మన నీరజకేమైంది?

చినుకు
నీరజకి ఏమీ కాలేదు. నేను చరిత్ర చెప్పాను, ఓటు వెయ్యలేదు.

డర్బన్_డైరీ
గుమాస్తా మాట వచ్చింది కాబట్టి. ఉద్యోగం మీద మూడేళ్ళుగా ఇక్కడున్నా. ఇక్కడ ప్రతి వీధిలో ఒక నాయుడు ఉంటాడు, కానీ చివర రెండు ఓ లు: నాయిడూ. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో డర్బన్‌లో ఆగింది. అప్పటినుంచి చెరకు తోటల పనికి దిగినవాళ్ళని పుస్తకంలో రాసుకున్న దొర తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. అదే ఇంటిపేరై కూర్చుంది. మొన్న ఒక పెద్దాయన, “మీ ఇండియావాళ్ళు నాయుడు స్పెల్లింగు తప్పు రాస్తారు” అని నాకు పాఠం చెప్పాడు!

పెన్నేటి_పిల్ల
ఉల్టా కథ ఒకటి. మా సీమలో పాత తరంలో మన్రోలప్ప అనే పేర్లుండేవి. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల కలెక్టరు. రైతుల్ని ఆదుకున్నాడని పిల్లలకి ఆయన పేరు పెట్టుకున్నారు. ఊరికే మన్రో అని పెడితే ఎట్లా? చివర అప్ప తగిలించినారు. ఆయన చచ్చిపోయింది కూడా మా కర్నూలు జిల్లా పత్తికొండలోనే, 1827లో, కలరాతో. స్కాట్లండ్ పేరుని సీమ పేరు చేసేసినాం, ఎవురి దగ్గరా నామోషీ పడలేదు.

గోదారోడు
@పెన్నేటి_పిల్ల అయితే నీవ్‌కి చివర అమ్మ తగిలించండి. నీవమ్మ. సమస్య తీరింది.

లిఫీ_ఒడ్డున
@గోదారోడు ఇది మా మామగారికి చెప్పను, చెప్తే ఖాయం చేసేస్తారు.

నిద్రలేని_నాన్న
అక్కా, మా చెల్లి కూతురికి కియారా అని పెట్టారు. వెలుగు అనే అర్థమట. అది చూడండి.

బ్రౌన్_డిక్షనరీ
@నిద్రలేని_నాన్న ఏ భాషలో అన్నదాన్ని బట్టి. ఇటాలియన్‌లో కియారా అంటే నిర్మలం, ప్రకాశవంతం, నిజమే. ఐరిష్‌లో దాదాపు అదే స్పెల్లింగుతో ఉన్న కీరా అంటే నల్లనిది. ‘కియర్’ అంటే నలుపు. మగపిల్లాడికి కీరన్ అని పెట్టేదీ అందులోంచే, బుల్లి నల్లోడు అన్నట్టు. మన కిరణ్ అంటే వెలుగు రేఖ. ధ్వని ఒకటే, ఒకడు చీకటి, ఒకడు వెలుగు.

ఈ పిల్లల పేర్ల వెబ్‌సైట్లని అస్సలు నమ్మొద్దు. ఏ పేరు కొట్టినా ‘సంస్కృత మూలం, అర్థం: లక్ష్మీదేవి’ అని వస్తుంది. షనాయా కొట్టండి, తొలి సూర్యకిరణం అంటాయి. ఏ సంస్కృత నిఘంటువులోనూ ఆ మాట లేదు. అనయ అని పెడుతున్నారు. సంస్కృతంలో అనయం అంటే నీతి తప్పడం, కీడు. అరబిక్‌లో ఇనాయా అంటే శ్రద్ధ, సంరక్షణ. అది వేరే మాట. అన్య అని మరీ ఎక్కువ పెడుతున్నారు. అన్య అంటే ఇతర, పరాయి. బ్రౌన్ 1852లోనే రాసిపెట్టాడు, తెరిచి చూడండి.

పుల్లట్టు
ఐర్లండ్‌లో కీరా అని పిలిస్తే మా అమ్మ దోసకాయ తరుగుతుంది.

అన్య_వాళ్ళమ్మ
నా హ్యాండిల్ చూశాక కూడా రాశారో, చూడకుండా రాశారో తెలియదు. మా పాపకి ఆరేళ్ళు. ఇప్పుడేం చెయ్యమంటారు? వెళ్ళి దానికి చెప్పనా, నీ పేరుకి పరాయిది అని అర్థమమ్మా అని?

బ్రౌన్_డిక్షనరీ
చూడలేదండీ, క్షమించండి. మీ పాప గురించి కాదు, వెబ్‌సైట్ల గురించి రాశాను.

చినుకు
@అన్య_వాళ్ళమ్మ మీరు సంస్కృతమే పట్టుకోనక్కర్లేదు. రష్యాలో ఆన్యా అంటే అన్నా ముద్దుపేరు. అన్నా హీబ్రూ హన్నా నుంచి వచ్చింది, దయ, అనుగ్రహం అని అర్థం. ఐరిష్‌లోనూ ఆన్య ఉంది, రాసేది ఎ-ఐ-ఎన్-ఇ, అర్థం కాంతి. మనకి అనిత అనే అత్తలూ పిన్నులూ ఎంతమంది? అనిత స్పానిష్‌లో చిన్న అన్నా. సోనియా, రష్యన్ సోఫియాకి ముద్దుపేరు. వాళ్ళని ఎవరూ నిలబెట్టి అర్థం అడగలేదే.

అన్య_వాళ్ళమ్మ
థాంక్స్ అండీ. మా అత్తగారికి మాత్రం ఈ థ్రెడ్ చూపించను. (పెట్టేటప్పుడు అనన్య అనే అనుకున్నాం. ఫారంలో పెట్టెలు చాలవేమోనని మా ఆయన ఒక ‘అన్’ తగ్గించాడు. నిజం.)

నాలుగోపాదం
అనన్య అయితే దివ్యంగా ఉండేది! గీతలోనే ఉంది, అనన్యాశ్చింతయంతో మాం. ఫారం పెట్టెల కోసం ‘అన్’ తీసేశారా, హరి హరీ.

యోహాను_మనవడు
మాది గుంటూరు దగ్గర. మా తాత యోహాను. మా నాన్న రికార్డుల్లో జాన్. నేను పుట్టినప్పుడు మా మేనమామ ముంబైలో ఉండేవాడు, ఫ్యాషన్‌గా ఉంటుందని నాకు షాన్ అని పెట్టించాడు. ఇరవై ఏళ్ళొచ్చేదాకా నాకు తెలియదు, ముగ్గురిదీ ఒకటే పేరని. హీబ్రూ యోహానాన్, దేవుడు కనికరించాడు అని అర్థం. గ్రీకు మీదుగా మన తెలుగు బైబిల్లోకి యోహాను వచ్చాడు. లాటిన్, ఫ్రెంచి తిరిగి ఇంగ్లీషులో జాన్ అయ్యాడు. ఆ ఫ్రెంచివాళ్ళే ఐర్లండ్ వెళితే అక్కడ షాన్ అయ్యాడు. ఐర్లండ్‌లో షివాన్ అనే ఆడపేరు వింటే శివుడి పేరనుకోకండి, అది కూడా మా తాతే, ఆడరూపంలో.

జేమ్స్ సంగతి ఇంకా తమాషా. ఇంగ్లీషు బైబిల్లో జేకబ్ వేరు, జేమ్స్ వేరు. మన తెలుగులో ఇద్దరూ యాకోబే, మూలంలో ఒకటే పేరు మరి. ఆ లెక్కన మనదే నిక్కచ్చి. మా హాస్టల్లో మలయాళీ రూమ్మేట్ పేరు చాకో. వాడూ యాకోబే. వాళ్ళ నాన్న వర్గీస్, అంటే జార్జి. గ్రీకులో జార్జి అంటే రైతు.

గసడదవ
@యోహాను_మనవడు చాలా బాగా చెప్పావు బాబూ. ఇది పాఠంలో పెట్టాలి.

కృష్ణా_కరకట్ట
మా ఊళ్ళో కమ్యూనిస్టుల ఇళ్ళలో లెనిన్ బాబు, స్టాలిన్ బాబు ఉన్నారు. స్టాలిన్ అంటే ఉక్కుమనిషి, అసలు పేరు కూడా కాదు, పెట్టుకున్న పేరు. మా స్టాలిన్ మావయ్య మాత్రం బల్లిని చూస్తే మంచం ఎక్కుతాడు.

సింహాద్రి
డబ్లిన్ అనగానే గుర్తొచ్చింది, మీ మాజీ ప్రధాని లియో వరద్కర్. తండ్రి ముంబై డాక్టరు, తల్లి ఐరిష్. ఇంటిపేరు మహారాష్ట్రలో ఊరి పేరు మీద వచ్చింది, పిలిచే పేరు లాటిన్ సింహం. మా ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. మేము బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. మావాడికి లియో అని పెట్టి, మా నాన్నకి “సింహం నాన్నా, స్వామి పేరే” అన్నాను. ఆయన కొండకి వెళ్ళి గోత్రనామాలు చెప్పేటప్పుడు ‘లియో’ అన్నారట. పంతులుగారు మూడుసార్లు అడిగి, చివరికి ‘లయ’ అని చదివేశారట.

పుల్లట్టు
స్వామికి తెలుసులే ఎవరో.

కొబ్బరిమట్ట
అంతా బాగానే ఉంది, పాపకి పేరెవరూ చెప్పట్లేదు. నేను చెప్తున్నా. నీల. చిన్న పేరు, మన పేరు, ఏ దేశంలోనైనా పలుకుతారు.

లిఫీ_ఒడ్డున
@కొబ్బరిమట్ట నీల నాకు ఇష్టమే. మా ఆయన, “ఇక్కడ నీల్ మగపిల్లాడి పేరు, అందరూ దాని ఆడరూపం అనుకుంటారు” అంటున్నాడు. నియా అని కూడా అనుకున్నాం.

బ్రౌన్_డిక్షనరీ
నీల్ వచ్చింది ఐరిష్ నీఅల్ నుంచి. మన నీలానికి బంధువు కాదు, వినడానికి మాత్రమే దగ్గర. నియా వెల్ష్‌లో మీ నీవ్‌కే ఇంకో రూపం, స్వాహిలీలో సంకల్పం. కానీ అత్తగారు ‘నీయా? నాయా?’ అంటారేమో చూసుకోండి.

వంటింటి_కిటికీ
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా. నీలవేణి. నల్లని జడ ఉన్న అమ్మాయి. ఇంట్లో వేణి, బయట నీల. నిండుగా పిలవాలనిపించినప్పుడు నీలవేణీ అని గుమ్మంలోంచి కేకేస్తే వీధి చివరికి వినిపిస్తుంది. ఈ కాలంలో ఎవరూ పెట్టట్లేదు, క్లాసులో ఇంకో నీలవేణి ఉండదు.

గోదారోడు
డబ్లిన్‌లో ఎలాగూ ఉండదు లెండి.

లిఫీ_ఒడ్డున
@వంటింటి_కిటికీ చదివి పది నిమిషాలు అలా కూర్చున్నా. పాప తల నిండా జుట్టు, నర్సు కూడా అదే అంది. అత్తగారికి ఫోన్ చేస్తున్నా.

లిఫీ_ఒడ్డున
అత్తగారు: “నీలవేణా? మా ఏడో తరగతి లెక్కల టీచరు పేరు. ఎన్ని దెబ్బలు తిన్నానే ఆవిడ చేతిలో.” కాసేపు ఆగి, “పెట్టండి. ఇప్పుడు నేను కొడతా నీలవేణిని” అన్నారు.

పుల్లట్టు
అత్తగారికి ఒక ఫ్యాన్ క్లబ్ పెట్టాలి.

గసడదవ
శుభం. బియ్యంలో రాసేటప్పుడు ‘ణి’ కి ఒత్తు పెట్టకండి. మొన్న ఒక పెళ్ళి కార్డులో చూశాను, ఇంకా మర్చిపోలేకపోతున్నాను.

లిఫీ_ఒడ్డున
బారసాల అయింది. మామగారు అక్కడ, మేమిక్కడ, నెట్ ఆగీ ఆగీ. ఉంగరంతో మా ఆయన రాశాడు. పళ్ళెం చిన్నదైపోయి ‘ణి’ అంచు మీదికెక్కింది. ఒత్తు పెట్టలేదు మాస్టారూ.

లిఫీ_ఒడ్డున
(ఏడు నెలల తర్వాత) ఈ థ్రెడ్ వెతికి పట్టుకుని మళ్ళీ వచ్చా. నా సెలవు అయిపోయి, పాపని క్రెష్‌లో వేశాం. ఫారంలో నీలవేణి అని పూర్తిగా రాశాను, పలికే తీరు కూడా విడగొట్టి రాశాను. మొదటి వారం అందరూ శ్రద్ధగా నీ-ల-వే-ణి అన్నారు. రెండో వారం నీలవే అయింది. ఇవాళ తీసుకురావడానికి వెళితే టీచరు పాల సీసా చేతికిచ్చింది. స్టిక్కరు మీద గుండ్రటి అక్షరాల్లో ఎన్-ఐ-ఎ-ఎమ్-హెచ్.

మా ఆయన కారులో కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు. సీసా ఫోటో తీసి అత్తగారికి పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి. ఇంకా ఏమీ అనలేదు.

గోదారోడు
టైపింగ్ అని వస్తోందా?

లిఫీ_ఒడ్డున
వాయిస్ మెసేజ్ వచ్చింది. “సరేలే. రెండోదానికి ‘నే’ అక్షరం వచ్చేలా చూసుకోండి.”